ఎర్ర గీత ఎక్కడ గీయాలో ఎడిటర్‌కి చెప్పేదెవరు?

సీ ప్రోగ్రామ్‌లో పన్నెండో లైన్ చివర సెమికోలన్ మర్చిపోయి ఫైల్ సేవ్ చేస్తే, రెప్పపాటులో ఆ చోట ఎర్ర గీత పడుతుంది. చూసేవాళ్ళకి ఎడిటర్ (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) మహా తెలివైనదిగా కనిపిస్తుంది. నిజానికి చాలా ఎడిటర్లకు సీ భాష ఒక్క ముక్క రాదు. అవి వెనకాల జీసీసీ లాంటి కంపైలర్‌ని, అంటే కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్‌ని, పిలిచి, అది బయటికి కక్కిన టెక్స్ట్‌ని చదివి, గీత గీయాల్సిన చోటును అందులోంచి ఏరుకుంటాయి. ఆ టెక్స్ట్‌ని తెలుగు లిపిలో రాస్తే ఇలా ఉంటుంది:

మెయిన్.సి:12:18: ఎర్రర్: ఎక్స్‌పెక్టెడ్ ';' బిఫోర్ 'రిటర్న్'

మనిషి దీన్ని ఒక వాక్యంలా చదువుకుంటాడు. ఎడిటర్‌కి మాత్రం ఇందులోంచి ఐదు ముక్కలు కావాలి: ఏ ఫైల్, ఏ లైన్, ఏ కాలమ్, ఎర్రరా వార్నింగా, చెప్పిన మాట ఏమిటి. ఈ ఐదూ దొరికితే గీత పడుతుంది, కర్సర్ అక్కడికి దూకుతుంది, కింద ప్యానెల్‌లో ఒక వరుస చేరుతుంది. చిక్కంతా వీటిని విడదీయడంలోనే ఉంది. ఉత్తరాలు పంచేవాడికి ఒకరు డోర్ నంబర్ రాసి పంపితే, ఇంకొకరు "రామాలయం వెనక సందులో వేపచెట్టు ఇల్లు" అని రాస్తారు. ఎర్రర్ మెసేజీలూ అంతే. ఒక్కో టూల్ తనకు తోచినట్టు చిరునామా రాస్తుంది, వాటన్నిటినీ ఎడిటర్ చదవగలగాలి.

అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. చిరునామా అర్థం కాకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరాన్ని వెనక్కి పంపుతాడు. ఎడిటర్ మాత్రం చాలాసార్లు ఆ ఉత్తరాన్ని పక్కన పడేసి ఊరుకుంటుంది. గీత కనిపించలేదంటే తప్పు లేదని మనం అనుకుంటాం.

కోలన్ల ఒప్పందం

ఎర్రర్లను ఎడిటర్ దాకా తెచ్చే ప్రయత్నాలు పాతవే. బర్క్‌లీ యూనిక్స్‌లో 'ఎర్రర్' అనే పేరుతోనే ఒక కమాండ్ ఉండేది. అది కంపైలర్ చెప్పిన ప్రతి మాటనూ తీసుకెళ్ళి సోర్స్ ఫైల్‌లో, తప్పున్న లైన్ పక్కనే, కామెంట్‌గా చొప్పించేది. ఎడిటర్‌లో ఫైల్ తెరిస్తే తప్పులు అందులోనే రాసి ఉంటాయి. ఇప్పుడు వింతగా అనిపిస్తుంది గానీ, ఆ కామెంట్ పని కూడా ఇవాళ్టి పనే: మాటలోంచి ఫైల్ పేరు, లైన్ నంబర్ పట్టుకోవడం. విమ్ అనే ఎడిటర్‌లో ఒక్కో తప్పు దగ్గరికీ దూకించే క్విక్‌ఫిక్స్ సదుపాయానికి స్ఫూర్తి అమిగా కంప్యూటర్ల మీద నడిచిన మాంక్స్ వాళ్ళ ఆజ్టెక్ సీ కంపైలర్ అని విమ్ సహాయ పత్రమే చెబుతుంది. కంపైల్ చెయ్, మొదటి తప్పు దగ్గరికి దూకు, దిద్దు, తర్వాతి తప్పు దగ్గరికి దూకు. ఈ చక్రం అప్పటి నుంచి పెద్దగా మారలేదు.

ఈ గందరగోళంలో కాస్త క్రమం తెచ్చింది జీసీసీని తయారుచేసే గ్ను ప్రాజెక్ట్. దాని కోడింగ్ ప్రమాణాల్లో ఎర్రర్ మెసేజ్ ఎలా ఉండాలో రాసిపెట్టారు: ఫైల్ పేరు, కోలన్, లైన్ నంబర్, కోలన్, కావాలంటే కాలమ్, మళ్ళీ కోలన్, ఆ తర్వాత మాట. లైన్లూ కాలమ్‌లూ ఒకటి నుంచి లెక్కించాలి. పైన చూసిన జీసీసీ లైన్ ఈ పద్ధతిదే. క్లాంగ్, గో కంపైలర్లు, పైథాన్ కోడ్‌ని చెక్ చేసే ఫ్లేక్8, జీసీసీ ఫార్మాట్‌లో నడిపినప్పుడు షెల్ స్క్రిప్టులను చెక్ చేసే షెల్‌చెక్, ఇలా ఎన్నో టూల్స్ ఈ దారిలోనే నడుస్తాయి. ఎవరూ సంతకం పెట్టని ఒప్పందం ఇది. అందుకే దీన్ని తప్పినవాళ్ళని అడిగే నాథుడూ లేడు.

మైక్రోసాఫ్ట్ కంపైలర్లది వేరే దారి. అక్కడ ఫైల్ పేరు తర్వాత బ్రాకెట్లలో లైన్, కామా, కాలమ్ వస్తాయి. టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ అయితే రెండు వేషాలు వేస్తుంది. మనిషి ఎదురుగా టెర్మినల్‌లో నడిస్తే కోలన్లు పెట్టి, రంగులు పూసి, చక్కగా చూపిస్తుంది. అవుట్‌పుట్ ఇంకో ప్రోగ్రామ్‌లోకి పోతోందని గమనిస్తే బ్రాకెట్ల పద్ధతికి మారిపోతుంది. అందుకే వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో టైప్‌స్క్రిప్ట్ కోసం ఇచ్చిన నమూనా రెండు రూపాలనూ ఒకే రెజెక్స్‌లో (టెక్స్ట్‌లో వెతకాల్సిన రూపాన్ని గుర్తులతో చెప్పే సూత్రంలో) ఇరికించుకుంది: ఫైల్ పేరు తర్వాత బ్రాకెట్ గానీ కోలన్ గానీ ఉండొచ్చు, లైన్ తర్వాత కామా గానీ కోలన్ గానీ ఉండొచ్చు.

పీహెచ్‌పీ సింటాక్స్ చెక్ ఇంకా తమాషా. అది చిరునామాను వాక్యం చివర పెడుతుంది: "పార్స్ ఎర్రర్, సింటాక్స్ ఎర్రర్, ఫలానాది వచ్చింది, ఇన్ ఫలానా ఫైల్, ఆన్ లైన్ 7". మెసేజ్ మధ్యలోనే "ఇన్" అనే మాట ఇంకోసారి దొర్లితే ఫైల్ పేరు ఎక్కడ మొదలవుతుందో నమూనా తేల్చుకోవాలి. పైగా సెట్టింగ్స్‌ని బట్టి ఒకే ఎర్రర్ లాగ్ కోసం ఒకసారి, తెర కోసం ఒకసారి రెండుసార్లు పడొచ్చు. ముందు "పీహెచ్‌పీ" అనే మాట ఉందా లేదా అన్నదొక్కటే తేడా. నమూనా జాగ్రత్తగా రాయకపోతే ఒక్క తప్పు ప్యానెల్‌లో రెండుగా కనిపిస్తుంది.

విమ్ చదివే తీరు

ఈ చదవడం అనే పనిని విమ్ ఒక చిన్న భాషగానే మార్చేసింది. దాన్ని ఎర్రర్‌ఫార్మాట్ అంటారు. రెజెక్స్ రాయనక్కర్లేదు; సీ భాషలో ఇన్‌పుట్ చదివే స్కాన్ఎఫ్ ఫంక్షన్ తరహాలో పర్సెంట్ గుర్తులు పెడితే చాలు. తెలుగు లిపిలో జీసీసీ లైన్‌కి నమూనా ఇది:

%ఎఫ్:%ఎల్:%సి: %ఎం

ఎఫ్ అంటే ఫైల్, ఎల్ అంటే లైన్, సి అంటే కాలమ్, ఎం అంటే మెసేజ్. ఇలాంటి నమూనాలను కామాలతో వరుసగా పెట్టుకుంటారు. కంపైలర్ నుంచి వచ్చిన ఒక్కో లైన్‌ని విమ్ పైనుంచి కిందికి పోల్చుకుంటూ వస్తుంది, మొదట కుదిరిన నమూనాతో ఆగిపోతుంది. అందుకే వరుస ముఖ్యం. కాలమ్ లేని నమూనాను ముందు పెడితే, కాలమ్ ఉన్న లైన్ కూడా దానికే చిక్కుతుంది. అప్పుడు "18:" అన్న అంకె మెసేజ్‌లో భాగమైపోతుంది, కర్సర్ లైన్ మొదట్లో నిలబడుతుంది. విమ్ నేర్చుకునేవాళ్ళు ఈ వలలో కనీసం ఒక్కసారైనా పడతారు.

కోలన్‌తో విడదీయడం బాగానే ఉంది, విండోస్‌లో ఏం చేయాలి? అక్కడ ఫైల్ దారి మొదట్లోనే డ్రైవ్ అక్షరం, దాని పక్కన ఒక కోలన్. మొదటి కోలన్ దగ్గర కోస్తే ఫైల్ పేరు ఒక్క అక్షరమే మిగులుతుంది. విమ్ దీనికి ఒక మినహాయింపు రాసుకుంది: విండోస్‌లో ఒక అక్షరం, దాని వెంటనే కోలన్ కనిపిస్తే అది ఫైల్ పేరులో భాగమే. దీనికి చెల్లించిన మూల్యాన్ని కూడా సహాయ పత్రం దాచలేదు. ఒకే ఒక్క అక్షరం పేరున్న ఫైల్‌ని ఈ పద్ధతి గుర్తుపట్టలేదు. అలాంటి పేరు పెట్టేవాళ్ళు అరుదు కాబట్టి బేరం నష్టమేమీ కాదు.

ఒక ఎర్రర్ ఒక్క లైన్‌లో ముగిసిపోతే పని ఇంతటితో అయిపోయేది. జావా కంపైలర్‌ని చూడండి. అది మొదటి లైన్‌లో ఫైల్, లైన్ నంబర్, మెసేజ్ ఇస్తుంది. కాలమ్ ఇవ్వదు. రెండో లైన్‌లో మన కోడ్‌నే మళ్ళీ రాస్తుంది. మూడో లైన్‌లో కొన్ని ఖాళీలు వదిలి, తప్పున్న చోటికి సరిగ్గా కింద ఒక చిన్న గొడుగు గుర్తు పెడుతుంది. మనిషి కంటికి అది వేలెత్తి చూపించినట్టే. ప్రోగ్రామ్‌కి మాత్రం ఆ వేలు అంకె కావాలి. అందుకని విమ్ ఆ గుర్తు ముందున్న ఖాళీలను లెక్కపెట్టి కాలమ్ తేలుస్తుంది. ఈ పనికి ఎర్రర్‌ఫార్మాట్‌లో విడిగా ఒక గుర్తే ఉంది. పలు లైన్ల మెసేజ్‌కి మొదలు ఏది, నడుమ ఏది, ముగింపు ఏది అని చెప్పే గుర్తులు కూడా వేరే ఉన్నాయి.

ఫైళ్ళన్నిటినీ కంపైల్ చేయించే మేక్ అనే టూల్‌తో పెద్ద ప్రాజెక్ట్ కట్టేటప్పుడు ఇంకో మెలిక వస్తుంది. కంపైలర్ ఇచ్చే ఫైల్ పేరు అది నడుస్తున్న డైరెక్టరీని బట్టి ఉంటుంది. "యుటిల్.సి" అంటే ఏ డైరెక్టరీలోది? ఆ సంగతి ఎర్రర్ లైన్‌లో ఉండదు. ఎక్కడో పైన మేక్ రాసిన "ఎంటరింగ్ డైరెక్టరీ" అనే లైన్‌లో ఉంటుంది. కాబట్టి ఎడిటర్ ఆ లైన్లను కూడా చదువుతూ, ఇప్పుడు ఏ డైరెక్టరీలో ఉన్నామో గుర్తుంచుకోవాలి. గ్ను మేక్ ఆ డైరెక్టరీ పేరు ముందు మొదట్లో వాలు కోట్ పెట్టేది, తర్వాతి వెర్షన్లలో మామూలు కోట్‌కి మారింది. విమ్ డిఫాల్ట్ నమూనాలో ఇప్పటికీ రెండు కోట్లూ పక్కపక్కనే ఉన్నాయి. పనిని వేగం చేయడానికి మేక్‌ని ఒకేసారి నాలుగు చోట్ల నడిపిస్తే ఈ లైన్లన్నీ కలగాపులగమవుతాయి, డైరెక్టరీ లెక్క తప్పుతుంది. 2013లో వచ్చిన మేక్ 4.0, ఒక్కో పని అవుట్‌పుట్‌ని విడిగా దాచి ఒకేసారి విడుదల చేసే ఆప్షన్ ఇచ్చాక ఇది కొంత తగ్గింది.

ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ ఇదే సమస్యను ఒక పెద్ద రెజెక్స్ పట్టికతో ఎదుర్కొంది. రకరకాల కంపైలర్లకు, టూల్స్‌కు పేరుపేరునా నమూనాలు అందులో పేర్చి ఉంటాయి. ఏ టూల్ నడుస్తోందో ఈమాక్స్‌కి తెలియనక్కర్లేదు, వచ్చిన ప్రతి లైన్‌నీ వాటితో పోల్చి చూస్తుంది. సౌకర్యమే, కానీ వల మరీ పెద్దదైతే చెత్త కూడా పడుతుంది. లాగ్‌లో "12:30:45" అని టైమ్ ఉంటే? "12" అనే ఫైల్‌లో 30వ లైన్, 45వ కాలమ్ అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. అందుకే గ్ను నమూనాలో ఫైల్ పేరుకి ఒక షరతు పెట్టారు: అంకె కాని అక్షరం కనీసం ఒకటి ఉండాలి. ఇలాంటి షరతులు ముందుగా ఆలోచించి రాసేవి కావు, ఎక్కడో ఎవరికో తప్పుడు లింక్ కనిపించాక వచ్చి చేరేవి.

ఇలాంటి నమూనాను వీఎస్ కోడ్‌లో ప్రాబ్లెమ్ మ్యాచర్ అంటారు. ఒక రెజెక్స్, అందులోని ఏ గుంపు ఫైలో, ఏది లైనో, ఏది మెసేజో చెప్పే అంకెలు, అంతే. జావాస్క్రిప్ట్ కోడ్‌ని చెక్ చేసే ఈఎస్‌లింట్ మామూలుగా ఇచ్చే అవుట్‌పుట్ దీనికి మంచి పరీక్ష. అందులో ఫైల్ పేరు ఒక లైన్‌లో ఒక్కసారే వస్తుంది. దాని కింద ఆ ఫైల్‌లోని తప్పులన్నీ కాస్త లోపలికి జరిగి వరుసగా ఉంటాయి. కిరాణా పద్దులో ఖాతాదారు పేరు పైన ఒక్కసారి రాసి, కింద సరుకులు వేసినట్టు. మ్యాచర్ ఫైల్ పేరుని గుర్తుపెట్టుకుని, రెండో నమూనాను మళ్ళీ మళ్ళీ వాడాలి. ఇందుకోసమే అందులో లూప్ అనే సెట్టింగ్ ఉంది.

గీత రాని చోట

సీ ప్రోగ్రామ్ కోసం సొంతంగా మ్యాచర్ రాసుకునేవాళ్ళు మామూలుగా మొదలుపెట్టే నమూనా ఇలా ఉంటుంది: ఫైల్, కోలన్, లైన్, కోలన్, కాలమ్, కోలన్, ఖాళీ, ఆ తర్వాత "వార్నింగ్" లేదా "ఎర్రర్", కోలన్, మెసేజ్. చూడ్డానికి ఏ లోపమూ లేదు. ఇప్పుడు ప్రోగ్రామ్ మొదటి లైన్‌లో ఒక హెడర్ ఫైల్ (ప్రోగ్రామ్ తనలో కలుపుకునే ఇంకో ఫైల్) పేరు తప్పు రాశారనుకుందాం. జీసీసీ అనేది ఇది:

మెయిన్.సి:1:10: ఫేటల్ ఎర్రర్: ఫలానా హెడర్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ

కాలమ్ తర్వాత నమూనా "ఎర్రర్" కోసం చూస్తోంది. అక్కడ "ఫేటల్" ఉంది. కుదరలేదు. లైన్ పోయింది. హెడర్ దొరక్క కంపైలర్ అక్కడే ఆగిపోయింది కాబట్టి తర్వాత చెప్పడానికి ఇంకో ఎర్రర్ కూడా లేదు. ఫలితంగా అసలు కంపైలే కాని ప్రోగ్రామ్ మీద ప్యానెల్ ఖాళీగా, ఫైల్ కడిగిన ముత్యంలా కనిపిస్తుంది. చిన్న వార్నింగ్‌ని చూపించగలిగిన నమూనా, అన్నిటికన్నా పెద్ద ఎర్రర్‌ని మింగేసింది.

ఇలా మింగడానికి కారణాలు చాలా ఉన్నాయి. రంగులు ఒకటి. టెర్మినల్‌లో "ఎర్రర్" ఎర్రగా కనిపించాలంటే ఆ మాటకు ముందూ వెనకా కంటికి కనిపించని కంట్రోల్ అక్షరాలు పడతాయి. వాటిని ముందుగా ఏరిపారేయకపోతే నమూనా కుదరదు. తెర మీద మాత్రం లైన్ అచ్చం సరిగ్గానే ఉంటుంది. గంటసేపు బుర్ర బద్దలు కొట్టుకునే రకం తప్పు ఇది. భాష ఇంకొకటి. జీసీసీ మెసేజీలకు అనువాదాలున్నాయి. మెషిన్ ఫ్రెంచ్‌లో ఉంటే "ఎర్రర్" స్థానంలో "ఎరర్" అనే ఫ్రెంచ్ మాట వేరే స్పెల్లింగ్‌తో వస్తుంది, జర్మన్‌లో "ఫేలర్" వస్తుంది. అందుకే అనుభవమున్న ప్లగిన్ రచయితలు కంపైలర్‌ని పిలిచే ముందు భాష సెట్టింగ్‌ని సాదా "సి"కి, అంటే అనువాదం లేని ఇంగ్లిష్‌కి, మార్చి పిలుస్తారు. వాడేవాళ్ళకి సొంత భాషలో మెసేజ్ పోయింది, ఎడిటర్‌కి గీత దక్కింది.

మూడోది, టూల్ తన అవుట్‌పుట్‌ని మార్చేయడం. 2024లో ఈఎస్‌లింట్ తొమ్మిదో వెర్షన్, ఎన్నాళ్ళుగానో తనలోనే ఉన్న కాంపాక్ట్, యూనిక్స్ వంటి ఫార్మాట్లను బయటికి పంపేసింది. కావలసినవాళ్ళు విడి ప్యాకేజీలుగా తెచ్చుకోవాలి. ఒక ఎర్రర్‌కి ఒక లైన్ చొప్పున ఇచ్చే ఆ రెండూ ఎడిటర్లకు సులువైనవి. టూల్ వైపు నుంచి చూస్తే మోయాల్సిన బరువు తగ్గించుకోవడం సబబే. వాటి మీద ఆధారపడి స్క్రిప్టులు రాసుకున్నవాళ్ళకి మాత్రం అప్‌గ్రేడ్ రోజు తలనొప్పే.

ఈ మౌనాన్ని పట్టుకునే మార్గం ఒకటుంది, అదేమంత కొత్తదీ కాదు. ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు ఒక అంకె వదిలి వెళుతుంది. సున్నా అయితే అంతా బాగుందని. ఈఎస్‌లింట్ అయితే తప్పులు దొరికితే 1, కాన్ఫిగరేషన్ చెడిపోయి తనే ఆగిపోతే 2 ఇస్తుంది. టూల్ సున్నా కాని అంకెతో ముగిసింది, మన నమూనాకు ఒక్క ఎర్రర్ కూడా దొరకలేదు. ఈ రెండూ కలిసి వస్తే ఎక్కడో తేడా ఉందన్నట్టే. ఈమాక్స్‌లోని ఫ్లైచెక్ అనే ప్లగిన్ సరిగ్గా ఇదే చేస్తుంది. చెకర్ ఫలానా అంకెతో ముగిసింది గానీ అవుట్‌పుట్‌లో ఎర్రర్లేమీ కనిపించలేదు, ఇది అనుమానించాల్సిందే అని చెప్పి, ఆ అవుట్‌పుట్‌ని ముందు పెడుతుంది. చాలామంది దీన్ని విసుగు తెప్పించే హెచ్చరికగా చూస్తారు. ఎడిటర్ ప్లగిన్లు చేసే పనుల్లో ఇంతకన్నా నిజాయితీ ఉన్నది మరొకటి కనిపించదు. విమ్ క్విక్‌ఫిక్స్ కూడా తన పద్ధతిలో మర్యాద పాటిస్తుంది: ఏ నమూనాకూ కుదరని లైన్‌ని పారేయకుండా, దూకడానికి వీలులేని మామూలు వరుసగా జాబితాలోనే ఉంచుతుంది. కన్ను పెడితే కనిపిస్తుంది.

ఏ హెచ్చరికా ఇవ్వని ఎడిటర్ వాడేవాళ్ళు కొత్త చెకర్ పెట్టుకున్న రోజున కావాలని ఒక బ్రాకెట్ తీసేసి చూసుకోవడం మేలు. గీత పడితే సరి.

'తెలుగు' అనే మాటకు ఎన్ని కాలమ్‌లు?

లైన్ నంబర్ దగ్గర పెద్దగా గొడవలుండవు. కాలమ్ దగ్గరే అసలు పేచీ. మొదటి ప్రశ్న, లెక్క సున్నా నుంచా ఒకటి నుంచా? గ్ను ప్రమాణం ఒకటి అంటుంది. పైథాన్ చెకర్ పైలింట్ లైన్లను ఒకటి నుంచి, కాలమ్‌లను సున్నా నుంచి లెక్కిస్తుంది. ఎడిటర్ దీన్ని తెలుసుకుని ఒకటి కలపకపోతే గీత ఒక అక్షరం ఎడమకు జరుగుతుంది. రెండో ప్రశ్న ట్యాబ్. అది ఒక అక్షరమా, ఎనిమిది గళ్ళా? విమ్‌లో ఈ తేడా కోసం రెండు వేర్వేరు గుర్తులున్నాయి, ఒకటి బైట్ కాలమ్‌కి, రెండోది తెర మీది కాలమ్‌కి. ఈమాక్స్‌లో ఒక సెట్టింగ్ ఉంది.

కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరాలే ఉన్నంతకాలం ఇంతే. తెలుగు వచ్చిందంటే లెక్క మొత్తం మారిపోతుంది. కోట్లలో "తెలుగు" అనే మాట రాసి, అదే లైన్‌లో దాని తర్వాత ఒక తప్పు చేశారనుకుందాం. తప్పు దాకా చేరాలంటే ముందు ఆ మాటను దాటాలి. అది ఎంత పొడవు?

ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో ఆ మాట త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతాలు. వాటిని ఫైల్‌లో బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు, కాబట్టి బైట్లు లెక్కపెట్టే టూల్‌కి ఇది 18. రెండేసి బైట్లను ఒక యూనిట్‌గా లెక్కించే యూటీఎఫ్-16లో 6. టెర్మినల్‌లో ఎన్ని గళ్ళు పడుతుందని లెక్కించే టూల్ అయితే యూనికోడ్ వర్గీకరణ చూస్తుంది. అందులో ఎత్వం చోటు తీసుకోని గుర్తు, కొమ్ము చోటు తీసుకునే గుర్తు. చోటు తీసుకోనిదానికి సున్నా, మిగతావాటికి ఒకటి అనే మామూలు సూత్రం ప్రకారం 5 వస్తుంది. బళ్ళో పిల్లల్ని అడిగితే తె, లు, గు, మూడే అంటారు. 18, 6, 5, 3. ఒక్క మాటకు నాలుగు జవాబులు, నాలుగూ సరైనవే.

టూల్ బైట్లలో చెప్పి, ఎడిటర్ యూటీఎఫ్-16 యూనిట్లు అనుకుంటే, ఆ ఒక్క మాట వల్లే గీత 12 స్థానాలు కుడికి జరుగుతుంది. లైన్ చిన్నదైతే చివర దాటిపోతుంది. ఒకే లైన్‌లో తెలుగు వాక్యం మొత్తం ఉంటే ఇక చెప్పక్కర్లేదు. జీసీసీ పదో వెర్షన్ దాకా కాలమ్‌ని బైట్లలోనే ఇచ్చేది. 2021లో వచ్చిన పదకొండో వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా తెర గళ్ళలో ఇస్తోంది. పాత పద్ధతి కావాలంటే ఆప్షన్ ఉంది. గ్ను ప్రమాణం చెప్పేదీ తెర గళ్ళ గురించే కాబట్టి మార్పు న్యాయమైనదే. కానీ అదే లైన్, అదే కోలన్లు, అంకె అర్థం మాత్రం మారింది. నమూనా కుదురుతూనే ఉంటుంది, గీత మాత్రం వేరే చోట పడుతుంది. పైథాన్‌లో అయితే ఒకే భాష రెండు లెక్కలు వాడుతుంది: సింటాక్స్ ఎర్రర్ ఇచ్చే స్థానం అక్షరాల్లో, ఒకటి నుంచి, సింటాక్స్ ట్రీ (కోడ్ నిర్మాణాన్ని చెట్టులా చూపే రూపం) ఇచ్చే స్థానం యూటీఎఫ్-8 బైట్లలో, సున్నా నుంచి.

ఇంగ్లిష్‌లోనే కోడ్ రాసేవాళ్ళకి ఈ బాధ ఏళ్ళ తరబడి తెలియలేదు. ఎమోజీలు వచ్చాక తెలిసింది. నవ్వు ముఖం ఒకటి యూటీఎఫ్-8లో నాలుగు బైట్లు, యూటీఎఫ్-16లో రెండు యూనిట్లు, యూనికోడ్ సంకేతంగా ఒకటి. స్ట్రింగ్‌లో ఎమోజీ పెడితే గీత పక్కకు పోతోందని బగ్ రిపోర్టులు మొదలయ్యాయి. తెలుగు, తమిళం, హిందీ స్ట్రింగ్‌లు రాసుకునేవాళ్ళు అంతకుముందు నుంచీ పడుతున్న తిప్పలే ఇవి.

సేవ్ చేయని ఫైల్

టైప్ చేస్తుండగానే గీతలు రావాలంటే ఇంకో అవాంతరం. డిస్క్ మీద ఉన్నది పాత ఫైల్, తెర మీద ఉన్నది కొత్తది. కంపైలర్ డిస్క్‌ని చదువుతుంది. ఈమాక్స్‌లో మొదట వచ్చిన ఫ్లైమేక్, తెర మీది కోడ్‌ని పక్కనే "_ఫ్లైమేక్" అని తోకతగిలించిన ఫైల్‌గా రాసి దాన్ని చెక్ చేయించేది. అప్పుడు ఎర్రర్‌లో వచ్చే ఫైల్ పేరు అసలుది కాదు. దాన్ని మళ్ళీ అసలు పేరుకి మార్చుకోవాలి. జావాలో పబ్లిక్ క్లాస్ పేరు, ఫైల్ పేరు ఒకటే కావాలి కాబట్టి తోక తగిలించగానే లేని ఎర్రర్ పుట్టుకొస్తుంది. వేరే డైరెక్టరీలో పెడితే సీ హెడర్ల దారులు తప్పుతాయి.

తర్వాత చాలా టూల్స్ కోడ్‌ని నేరుగా స్టాండర్డ్ ఇన్‌పుట్ (ఫైల్ లేకుండానే ప్రోగ్రామ్‌కి టెక్స్ట్ అందించే దారి) నుంచి తీసుకోవడం నేర్చాయి. జీసీసీ అప్పుడు ఫైల్ పేరు చోట యాంగిల్ బ్రాకెట్లలో "ఎస్‌టీడీఇన్" అని రాస్తుంది. ఫ్లైచెక్ నమూనాలో ఆ మాట కనిపిస్తే ఇప్పుడు తెరిచి ఉన్న ఫైలే అని అర్థం. ఈఎస్‌లింట్, ఫ్లేక్8 అయితే కోడ్‌తో పాటు ఫైల్ పేరు కూడా విడిగా చెప్పనిస్తాయి. ఇక చెకర్ జవాబిచ్చే లోపల మనం పైన రెండు లైన్లు కొత్తగా టైప్ చేసి ఉంటే జవాబులోని 12వ లైన్ ఇప్పుడు 14వది. ఆ రెండు సెకన్లలో ఎర్ర గీత అమాయకమైన లైన్ కింద మెరవడం అందరూ చూసే ఉంటారు.

ఊహించే పని ఎక్కడికి పోయింది?

ఇన్ని తంటాలు ఎందుకు, టూలే ముక్కలు విడదీసి ఇవ్వొచ్చు కదా అన్న ఆలోచన సహజమే. రస్ట్ కంపైలర్ అడిగితే మెసేజీలను జేసన్‌గా, అంటే ఒక్కో ముక్కకూ పేరు పెట్టి విడదీసిన టెక్స్ట్‌గా, ఇస్తుంది. స్థానం మొదలు, చివర, బైట్లలో కూడా చెబుతుంది. జీసీసీ 2019లో తొమ్మిదో వెర్షన్‌తో జేసన్, 2023లో పదమూడో వెర్షన్‌తో సారిఫ్ అనే ప్రామాణిక ఫార్మాట్ తెచ్చింది. జీసీసీ జేసన్‌లో ఒకే స్థానానికి బైట్ కాలమ్, తెర కాలమ్ విడివిడిగా ఇచ్చారు. 'తెలుగు' ఎంత పొడవో ఇక ఎవరూ ఊహించక్కర్లేదు.

పెద్ద మార్పు మాత్రం 2016లో వచ్చింది. మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ని (ఎల్ఎస్‌పీ) ప్రకటించాయి. ఒక్కో భాషకు ఒక సర్వర్. అది ఎడిటర్‌కి ఫైల్, మొదలు, చివర, తీవ్రత, మెసేజ్ అని విడదీసిన ముక్కలే పంపుతుంది. లైన్, కాలమ్ రెండూ సున్నా నుంచే. కాలమ్ లెక్క యూటీఎఫ్-16 యూనిట్లలో. యూటీఎఫ్-16ని ఎంచుకోవడం మీద ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి. చివరికి 2022 నాటి 3.17 వెర్షన్‌లో సర్వర్, ఎడిటర్ మాట్లాడుకుని వేరే లెక్క ఎంచుకునే వీలు కల్పించారు. కుదరకపోతే మళ్ళీ యూటీఎఫ్-16నే.

దీంతో రెజెక్స్‌ల కాలం ముగిసిందని చాలామంది అనుకుంటారు. సర్వర్ మూత తీసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. సొంతంగా భాష తెలిసిన క్లాంగ్‌డీ లాంటి సర్వర్లు ఉన్నాయి. కానీ కొన్ని సర్వర్లు పాత కమాండ్‌లైన్ టూల్స్‌నే లోపల నడిపిస్తాయి. విడి లింటర్లను (కోడ్‌లో తప్పులు వెతికే టూల్స్‌ని) ఏ ఎడిటర్‌కైనా కలపడానికి వాడే ఈఎఫ్ఎం లాంగ్వేజ్ సర్వర్‌లో, టూల్ అవుట్‌పుట్ ఎలా చదవాలో చెప్పేది విమ్ ఎర్రర్‌ఫార్మాట్‌తోనే, ఆ పర్సెంట్ గుర్తులతోనే. పైథాన్ ఎల్ఎస్‌పీ సర్వర్ ఫ్లేక్8ని పిలిచి, అది ఇచ్చిన టెక్స్ట్‌ని లైన్లుగా కోసి, ఒక్కో లైన్‌ని ఒక రెజెక్స్‌తో పోలుస్తుంది: ఏదో ఒకటి, కోలన్, అంకెలు, కోలన్, అంకెలు, కోలన్, కోడ్, మెసేజ్. కుదరని లైన్ దొరికితే, దీన్ని చదవలేకపోయానని డీబగ్ లాగ్‌లో ఒక ముక్క రాసి తర్వాతి లైన్‌కి వెళ్ళిపోతుంది. ఎడిటర్‌కి మాత్రం ఆ లైన్ సంగతే చేరదు.